ఇంటినే అడిగే చట్టం

పన్నుల చట్టం చదివి మెచ్చుకునేవాళ్లు అరుదు. పన్ను కట్టేవాడు తిట్టుకుంటూ చదువుతాడు, ప్లీడరు సందు కోసం చదువుతాడు. నేను మాత్రం ఒక పన్ను సెక్షన్‌ను దాని పనితనం కోసమే మళ్లీ మళ్లీ చదివాను. బ్రిటన్‌లో స్థానిక సంస్థల ఆర్థిక వ్యవహారాలకు 1992 నాటి లోకల్ గవర్నమెంట్ ఫైనాన్స్ యాక్ట్ ఉంది. వేల్స్ జాతీయ అసెంబ్లీ 2014లో తన హౌసింగ్ చట్టం ద్వారా అందులో రెండు సెక్షన్లు చేర్చింది. అవి 12ఏ, 12బి. సెలవులకు వచ్చిపోవడానికి ఉంచుకున్న రెండో ఇళ్ల మీద మామూలు కౌన్సిల్ టాక్స్‌కు తోడు అదనపు భారం వేసే అధికారాన్ని 12బి కౌన్సిళ్లకు ఇచ్చింది. దాన్నక్కడ ప్రీమియం అంటారు. సెక్షన్ చాలా చిన్నది. దాని వెనక ఉన్న గొడవ మాత్రం చాలా పెద్దది.

వేల్స్ వాయవ్య మూలన గ్వినెద్ అనే కౌంటీ ఉంది. వెల్ష్ భాష ఈనాటికీ వీధిలో, అంగట్లో, ఇంట్లో వినపడే గట్టి చోట్లలో అదొకటి. అక్కడి సముద్రతీరం అందంగా ఉంటుంది. ఆ అందమే దాని మీదికి వచ్చింది. ఇంగ్లండ్ నగరాల నుంచి డబ్బున్నవాళ్లు వచ్చి తీరం పొడవునా ఇళ్లు కొనుక్కున్నారు. అబెర్సోఖ్ అనే ఊళ్లో వేసవిలో తెరచాప పడవలు కిటకిటలాడతాయి, చలికాలంలో వీధులకు వీధులు దీపం లేకుండా పడి ఉంటాయి. ఆ ఊరి ప్రాథమిక పాఠశాల పిల్లలు లేక 2021 చివర్లో మూతపడింది. ఈ కోపం కొత్తది కాదు. 1979 డిసెంబరులో మొదలై 1990ల తొలి ఏళ్ల దాకా మెయిబియన్ గ్లిన్‌డూర్ అనే రహస్య సంస్థ పేరున సెలవు ఇళ్లను తగలబెట్టే ఉద్యమం నడిచింది. కాలిన ఇళ్లు వందల్లో ఉంటాయి. అగ్గిపుల్లతో మొదలైన తగాదా చివరికి ముసాయిదా రాసేవాడి బల్ల మీదికి వచ్చింది. అతని చేతిలో కలం తప్ప మరేమీ లేదు. ఆ కలంతో ఏం చేశాడన్నదే ఇక్కడ చూడాల్సింది.

ముందు కౌన్సిల్ టాక్స్ సంగతి కొంచెం. మార్గరెట్ థాచర్ తెచ్చిన తలపన్ను మీద జనం తిరగబడ్డాక, దాని స్థానంలో 1993 ఏప్రిల్‌లో ఇది వచ్చింది. ఇళ్లను విలువను బట్టి తరగతులుగా విడగొడతారు. ఇంగ్లండ్‌లో ఈనాటికీ 1991 ఏప్రిల్ 1 నాటి విలువలే లెక్క. వేల్స్ మాత్రం 2003 విలువలకు మారి తొమ్మిది తరగతులు పెట్టుకుంది. పూర్తి పన్ను వేసేటప్పుడు ఇంట్లో కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారనుకుంటారు. ఒక్కరే ఉంటే పావు వంతు తగ్గుతుంది. ఎవ్వరూ నివాసం లేకపోతే సగం తగ్గుతుంది.

ఎవరూ ఉండని ఇంటికి సగం పన్ను! 1992లో అది న్యాయంగానే తోచి ఉంటుంది. మనిషి లేనప్పుడు చెత్త ఎత్తే పని లేదు, బడికి పంపే పిల్లలు లేరు, మరి పూర్తి పన్ను ఎందుకన్నది వాదన. ఆచరణలో మాత్రం ఆ రాయితీ లండన్ నుంచో మాంచెస్టర్ నుంచో వచ్చి ఏడాదికి మూడు వారాలు గడిపిపోయే ఆసామికి చేరింది. పక్కింట్లో సంవత్సరమంతా ఉండే జాలరి పూర్తి పన్ను కట్టాడు. తర్వాత తర్వాత కౌన్సిళ్లకు ఈ రాయితీని తగ్గించే వీలు, తీసేసే వీలు వచ్చాయి గానీ చట్టం అస్థిపంజరంలో ఆ సగం తగ్గింపు అలాగే ఉండిపోయింది.

2014లో రాసినవాళ్లు ఆ ఎముకను విరిచెయ్యలేదు, దాన్నే వాడుకున్నారు. ఏ షరతు నెరవేరితే పాత చట్టం సగం పన్ను తగ్గించేదో, సరిగ్గా ఆ షరతునే 12బి కూడా అడుగుతుంది. ఇంట్లో నివాసి ఎవరూ ఉండకూడదు. దానికి మరో షరతు తోడైంది: ఇంట్లో సామాను చెప్పుకోదగినంత ఉండాలి. ఈ రెండూ కుదిరిన ప్రతి రోజుకూ పాత తగ్గింపు వర్తించదు, పన్ను మాత్రం కౌన్సిల్ నిర్ణయించిన శాతం మేరకు పెరుగుతుంది. కొత్త నిర్వచనం రాయలేదు, కొత్త రిజిస్టరు తెరవలేదు. లెక్క రోజువారీగా చూడటం కూడా కౌన్సిల్ టాక్స్‌లో మొదటి నుంచీ ఉన్న పద్ధతే. ఇరవై ఏళ్లుగా ఆఫీసుల్లో ఏ ఆరా తీసి తగ్గింపు ఇచ్చేవారో, అదే ఆరాతో ఇప్పుడు అదనం వేయవచ్చు.

ఇందులో ఇంకా మెచ్చదగింది ఏమిటంటే, ఈ సెక్షన్ యజమాని ముఖం చూడదు. నీకు ఎన్ని ఇళ్లున్నాయి, నీ ఆదాయం ఎంత, నువ్వు ఇంగ్లీషువాడివా వెల్ష్‌వాడివా అని అడగదు. అలా అడిగి ఉంటే ఒక ఇల్లు భార్య పేర, ఒకటి కంపెనీ పేర, ఒకటి ట్రస్టు పేర మారిపోయేవి. మన దగ్గర భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చినప్పుడు కుక్కల పేర్ల మీదా పిల్లుల పేర్ల మీదా భూములు రాశారని చెప్పుకునే కథలు ఎవరికి తెలియవు? ఈ చట్టం ఇంటినే అడుగుతుంది. నీలో ఎవరైనా కాపురం ఉన్నారా, లేరా అని. పది ఇళ్లున్న యజమాని పదింట్లోనూ అద్దెకు మనుషుల్ని పెట్టుకుంటే అతని మీద ఒక్క పౌండు ప్రీమియం కూడా పడదు. ఆ ఇళ్లలో దీపం వెలుగుతోంది కదా, చట్టానికి కావలసింది అంతే.

ఈ చూపు మనవాళ్లకు కూడా తగులుతుంది. వేల్స్‌లో సొంత ఇల్లున్న తెలుగు కుటుంబం ఒకటి అనుకుందాం. వాళ్లకు హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉన్నా వేల్స్ కౌన్సిల్‌కు దానితో పని లేదు. కుటుంబమంతా వేల్స్ ఇంట్లోనే ఉంటే అది అసలు కాపురమే. అదే కుటుంబం అమ్మానాన్నల కోసం రెండేళ్లు హైదరాబాద్ వచ్చేసి, వేల్స్ ఇంటికి సామానుతో సహా తాళం పెట్టిందనుకోండి. వాళ్లకు బ్రిటన్ మొత్తం మీద ఉన్నది ఆ ఒక్క ఇల్లే అయినా, నివాసి లేడు, సామాను ఉంది. ఆ కౌన్సిల్ ప్రీమియం వేసేదైతే పడుతుంది. ఉన్నది ఒక్కటే ఇల్లు, అది రెండో ఇల్లు ఎలా అవుతుందని వాపోయి లాభం లేదు. చట్టం ఇళ్లను లెక్కపెట్టలేదు మరి.

నివాసి అంటే పద్దెనిమిదేళ్లు నిండి, ఆ ఇల్లే తన ఏకైక నివాసంగానో ప్రధాన నివాసంగానో ఉన్న మనిషి. ఈ ప్రధాన నివాసం అంటే ఏమిటో చట్టం చెప్పలేదు. అది మరపు కాదు, సంయమనం. ఏడాదికి 183 రోజులు ఉంటే చాలని రాసి ఉంటే ఆ 183 చుట్టూ విమాన టికెట్లు, కరెంటు బిల్లులు పోగుచేసే వ్యాపారం ఒకటి పుట్టేది. ఆ పని కోర్టులకు వదిలారు. ఏడాదిలో ఎక్కువ భాగం ఓడ మీదే గడిపే ఒక సరుకు నౌక ఉద్యోగి కేసు తలపన్ను రోజుల్లో, 1991లో, బ్రాడ్‌ఫర్డ్ నుంచి కోర్టుకు వచ్చింది. అతను ఇంట్లో ఉన్న రోజులు తక్కువే అయినా భార్య ఉన్న ఆ ఇల్లే అతని ప్రధాన నివాసమని తేల్చారు. రోజుల లెక్క ఒక్కటే చాలదని అప్పుడే స్థిరపడింది. 2004లో హోర్షం కౌన్సిల్ కేసులో అప్పీలు కోర్టు మరింత తేటగా చెప్పింది. విషయాలన్నీ తెలిసిన బుద్ధిమంతుడైన పరాయి మనిషి దూరం నుంచి చూసి, ఇతని ఇల్లు ఇదీ అని దేన్ని చూపిస్తాడో అదే ప్రధాన నివాసం. ఏ పల్లెటూళ్లోనైనా రచ్చబండ దగ్గర కూర్చున్న పెద్దాయన ఇదే పద్ధతిలో తేలుస్తాడు. ఫలానావాడి కొంప ఎక్కడ అంటే రోజులు లెక్కపెట్టి చెప్పడు.

ఇక సామాను సంగతి. నివాసి లేని ఇంట్లో మంచాలు, బీరువాలు ఉంటే 12బి. మరి ప్రీమియం తప్పించుకోవడానికి సామాను బయట పెట్టించేస్తే? అక్కడ 12ఏ కాచుకుని ఉంటుంది. ఎవరూ ఉండక, సామాను కూడా లేక ఏడాది గడిచిన ఇల్లు దీర్ఘకాలం ఖాళీగా ఉన్న ఇల్లవుతుంది, దాని మీదా ప్రీమియం వేయవచ్చు. మధ్యలో కొన్నాళ్లు ఎవరినో పడుకోబెట్టో, నాలుగు కుర్చీలు వేసో ఆ ఏడాది లెక్కను మొదటికి తెద్దామంటే కుదరదు, ఆరు వారాలకు మించని అలాంటి విరామాలను చట్టం లెక్కలోకే తీసుకోదు. సామాను ఉన్నా పట్టే, లేకపోయినా పట్టే. రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఈ అల్లిక కనపడదు. ఒకదాన్నుంచి జారినవాడు రెండోదాంట్లో పడేలా, ఏడాది ఊపిరి ఇచ్చి మరీ అల్లారు.

ఇంత బిగువుగా రాసినవాళ్లు దయ ఎక్కడ పెట్టారో చూడాలి. అది సెక్షన్‌లో లేదు, 2015 నాటి నిబంధనల్లో ఉంది. ప్రీమియం వేయకూడని ఏడు తరగతులు అక్కడ రాశారు. అమ్మకానికి పెట్టిన ఇంటికి ఏడాది మినహాయింపు. ఇక్కడ చెయ్యి తిరిగిన పని ఒకటుంది: ఆ ఇంటికి న్యాయమైన ధర అడుగుతుండాలి. అంటే ఎవడూ కొనలేని ధర చెప్పి బోర్డు తగిలించి కూర్చుంటే చెల్లదు. ఏడాది గడిచాక అదే ఇంటికి మళ్లీ మినహాయింపు కావాలంటే మధ్యలో అది నిజంగా చేతులు మారి ఉండాలి. అద్దెకు పెట్టిన ఇళ్లకూ ఇలాంటిదే ఉంది. సైన్యం ఇచ్చిన క్వార్టర్సులో ఉండాల్సి రావడం వల్ల సిపాయి సొంతిల్లు ఖాళీగా ఉంటే దాన్ని వదిలేశారు. ఉద్యోగరీత్యా యజమాని ఇచ్చిన చోట ఉండక తప్పని మనిషికీ వెసులుబాటు ఇచ్చారు. అసలు ఇంటిలో భాగంగా వాడుకునే అనుబంధ గది, మనుషులున్న కారవాన్ స్థలం, పడవ కట్టుకునే రేవు, ఇవన్నీ బయటే.

వీటిలో నాకు బాగా నచ్చింది ఆరో తరగతి. కొన్ని సెలవు ఇళ్లకు ప్లానింగ్ అనుమతిలోనే ఒక షరతు ఉంటుంది. ఏడాదిలో కనీసం 28 రోజులు వరసగా అక్కడ ఎవరూ ఉండకూడదని. అలాంటి ఇంట్లో శాశ్వత కాపురం పెడితే కౌన్సిలే నోటీసు ఇస్తుంది. ఉండొద్దని తానే చెప్పి, ఉండటం లేదెందుకని తానే జరిమానా వేస్తే బాగుంటుందా? చట్టం రాసినవాళ్లకు తమ చట్టం తమకే అడ్డం తిరిగే చోటు కనపడింది. తక్కిన ఆరు తరగతులూ మనుషుల ఇబ్బందుల నుంచి పుట్టాయి. ఇది తర్కం నుంచి పుట్టింది.

శాతం దగ్గర చాలామంది తడబడతారు, పత్రికలవాళ్లతో సహా. 150 శాతం ప్రీమియం అంటే పన్ను ఒకటిన్నర రెట్లు కాదు, రెండున్నర రెట్లు. మామూలు పన్ను 2,000 పౌండ్లు అనుకుంటే దాని మీద మరో 3,000 కలిసి మొత్తం 5,000 అవుతుంది. 2014లో ప్రీమియం గరిష్ఠ పరిమితి 100 శాతం. కానీ ఆ సంఖ్యను ప్రభుత్వం నిబంధనల ద్వారా మార్చుకునే వీలును సెక్షన్‌లోనే పెట్టారు. బండి చక్రానికి ఇనప పట్టా అరిగితే పట్టా ఒక్కటే మారుస్తారు, చక్రాన్ని ముట్టుకోరు. ఇదీ అంతే. స్వాన్సీ విశ్వవిద్యాలయానికి చెందిన సైమన్ బ్రూక్స్ 2021 మార్చిలో వేల్స్‌లో రెండో ఇళ్ల మీద నివేదిక ఇచ్చాడు. అదే ఏడాది చివర్లో వేల్స్ లేబర్ ప్రభుత్వం, ప్లయిడ్ కమ్రీ పార్టీ సహకార ఒప్పందం చేసుకున్నాయి. 2023 ఏప్రిల్ నుంచి పరిమితి 300 శాతం అయింది. కొత్త చట్టం అవసరం పడలేదు, ఒక అంకె మారింది.

పరిమితి 300 అయినంత మాత్రాన కౌన్సిళ్లన్నీ అంత వేయలేదు. గ్వినెద్ 2018లో 50 శాతంతో మొదలుపెట్టి, 2021లో 100కు, 2023లో 150కి వెళ్లింది. వచ్చిన సొమ్ములో పెద్ద భాగాన్ని తన గృహ కార్యాచరణ ప్రణాళికకు మళ్లించింది. నైరుతిన ఉన్న పెంబ్రోక్‌షైర్ 2024లో ఏకంగా 200కు ఎక్కి, మరుసటి ఏడాదే 150కి దిగింది. ఇలా దిగే వీలు కూడా సెక్షన్‌లో ఉన్నదే. ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోపు నిర్ణయాన్ని సవరించుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. మొదలయ్యాక మాత్రం ముట్టుకోకూడదు. మొట్టమొదటిసారి ప్రీమియం పెట్టే కౌన్సిల్ కనీసం ఏడాది ముందే ఆ నిర్ణయం తీసుకోవాలి. అందుకే 2014 చట్టం కింద ప్రీమియం 2017 ఏప్రిల్ దాకా ఎక్కడా మొదలు కాలేదు. ఆ గడువులో ఇల్లు అమ్ముకునేవాడు అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చేవాడు ఇవ్వవచ్చు, కాపురం మార్చేవాడు మార్చవచ్చు. పన్ను రాబట్టడం ఒక్కటే ఉద్దేశమైతే ఈ ఏడాది ఆగనక్కర్లేదు. ఇల్లు మళ్లీ కాపురానికి రావాలన్న కోరిక ఈ ఒక్క గడువులో తెలిసిపోతుంది.

ఇంత చేసినా ఒక చోట నీళ్లు కారాయి. కారింది ఈ సెక్షన్‌లో కాదు, దాని పక్క గోడలో. సెలవు ఇంటిని పర్యాటకులకు అద్దెకిచ్చే వ్యాపారంగా చూపిస్తే అది కౌన్సిల్ టాక్స్ జాబితా నుంచి తప్పుకుని వ్యాపార పన్ను జాబితాలోకి పోతుంది. అక్కడ చిన్న వ్యాపారాలకు రాయితీ ఉంది. వేల్స్‌లో వార్షిక అద్దె విలువ 6,000 పౌండ్లు దాటని ఆస్తికి పన్ను సున్నా, ఇంగ్లండ్‌లో 12,000 దాకా సున్నా. అంటే రెండున్నర రెట్లు కట్టాల్సినవాడు ఏమీ కట్టకుండా పోవచ్చు. వేల్స్‌లో మొదట్లో దీనికి 140 రోజులు అద్దెకు సిద్ధంగా ఉంచి, 70 రోజులు నిజంగా ఇస్తే సరిపోయేది. ఇంగ్లండ్‌లో 2023 దాకా అదీ అక్కర్లేదు. రాబోయే ఏడాదిలో 140 రోజులు అద్దెకివ్వాలనుకుంటున్నానని చెప్తే సరిపోయేది. అనుకోవడానికి రుజువేముంటుంది? అంత పేలవమైన ముసాయిదా అదే దేశంలో, అదే పన్నుల రంగంలో, అన్నేళ్లు ఎలా నిలిచిందా అని ఆశ్చర్యం వేస్తుంది. చివరికి ఇంగ్లండ్ కూడా 70 రోజుల నిజమైన అద్దె చూపించాలంది.

వేల్స్ మాత్రం 2023 ఏప్రిల్ నుంచి 252 రోజులు సిద్ధంగా ఉంచి, 182 రోజులు అద్దెకివ్వాలని పెట్టింది. కారడం ఆగింది. కానీ ఈ అతుకు సెక్షన్‌కు తగ్గ పనితనం కాదని నా అభిప్రాయం. సగం ఏడాది పర్యాటకులు రావడానికి అది గోవా కాదు. వానలు, ఈదురుగాలులు, నాలుగింటికే చీకటిపడే చలికాలం. పాత కొట్టాన్ని బాగుచేసి ఇద్దరు ముగ్గురు అతిథులకు ఇచ్చుకుంటూ నాలుగు డబ్బులు చూసే రైతు కూడా 182 దగ్గర బోల్తా పడ్డాడు. అతన్నీ, తప్పించుకునే ఆసామినీ ఒకే గంపలో వేసింది ఈ అంకె. తప్పు తెలిసి ఆరో తరగతిని అప్పుడే కాస్త వెడల్పు చేశారు. ప్లానింగ్ షరతు వల్ల సెలవు అద్దెలకు తప్ప వాడకూడని ఇళ్లకూ, ప్రధాన నివాసంగా ఉండకూడని ఇళ్లకూ ప్రీమియం మినహాయించారు. ఆ షరతు కాగితం లేని రైతుకు మాత్రం దిక్కు లేదు.

మన వైపు చూస్తే తలకిందులుగా కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల మునిసిపాలిటీల్లో ఇల్లు ఖాళీగా ఉందని యజమాని దరఖాస్తు పెట్టుకుంటే ఆస్తిపన్నులో తగ్గింపు ఇచ్చే ఏర్పాటు ఉంది. బ్రిటన్‌లో 1992లో ఏ ఆలోచన ఉండేదో ఇక్కడ ఇంకా అదే. ఆదాయపు పన్ను కొంచెం దూరం వెళ్లింది. రెండిళ్ల దాకా సొంతానికి వాడుకుంటున్నట్టు చూపవచ్చు, మూడోది ఖాళీగా ఉన్నా అద్దెకిచ్చినట్టే భావించి లెక్క కడతారు. ఇక్కడ అడిగేది మనిషిని, నీకెన్ని ఇళ్లని. అందుకే అది ఆ ఇల్లున్న ఊరికి చెందదు, ఢిల్లీకి చెందుతుంది. భీమిలి తీరంలోనో మొయినాబాద్ తోటల్లోనో వారాంతానికి తెరుచుకునే ఇళ్ల వల్ల ఆ ఊరికి ఏమవుతోందన్న ప్రశ్నకు మన పన్ను కాగితాల్లో గడి లేదు.

స్కాట్లండ్ తన దారిన తాను ఇలాంటిదే చేసుకుంది. అక్కడ సామానుండి, ఏడాదిలో కనీసం 25 రోజులు ఎవరైనా వచ్చి ఉండే ఇల్లు రెండో ఇల్లవుతుంది. ఇంగ్లండ్ 2023 అక్టోబరులో వచ్చిన లెవెలింగ్ అప్ చట్టం ద్వారా 1992 చట్టంలో 11సి చేర్చింది. అవే రెండు షరతులు, అదే ఏడాది ముందస్తు గడువు. గరిష్ఠం మాత్రం 100 శాతం. 2025 ఏప్రిల్ 1 నుంచి కార్న్‌వాల్ సహా చాలా కౌన్సిళ్లు వేస్తున్నాయి. వేల్స్ రాసింది ఇంగ్లండ్ చూసి రాసుకోవడం అరుదే. మినహాయింపుల దగ్గర మాత్రం ఇంగ్లండ్‌వాళ్లు తమ చెయ్యి కూడా చూపించారు. యజమాని చనిపోయి ఖాళీ అయిన ఇంటికి, వారసత్వ పత్రం చేతికొచ్చాక ఏడాది దాకా ప్రీమియం పడకుండా ఒక తరగతి పెట్టారు. పెద్ద మరమ్మతులు నడుస్తున్న ఖాళీ ఇంటికి మరొకటి.

12బిలో నాకు మింగుడుపడనిది ఒక్క వాక్యం. ప్రీమియం నిర్ణయించిన కౌన్సిల్ 21 రోజుల్లోగా ఆ ప్రాంతంలో తిరిగే కనీసం ఒక దినపత్రికలోనో వారపత్రికలోనో ప్రకటన వేయాలని సెక్షన్ చెప్తుంది. బాగుంది. వెంటనే, ఆ ప్రకటన వేయకపోయినా నిర్ణయం చెల్లుతుందని కూడా చెప్తుంది. ఇల్లు అమ్మకానికి పెట్టినవాడు న్యాయమైన ధర అడగకపోతే మినహాయింపు పోతుంది, గడువు ఒక్క రోజు దాటితే పోతుంది. కౌన్సిల్ తన గడువు దాటినా, అసలు ప్రకటనే వేయకపోయినా ఏమీ పోదు. ఇలాంటి రక్షణ వాక్యం బ్రిటన్ స్థానిక పన్నుల చట్టాల్లో మామూలేనని అంటారు. మామూలే కావచ్చు. తక్కిన పనంతా మామూలుగా లేదు కాబట్టే ఇది కంట్లో పడుతుంది.